ఎంతతో ఓడాం? తెలుగు టైటాన్స్ పన్నెండు సీజన్ల లెక్క

ఫ్రెండ్స్, ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్లబ్ సీనియర్లు ఎలాగూ ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నారు కాబట్టి నాకు భయం లేదు. ఈ నెల స్టడీ ఆర్టికల్‌కి "నీకు బాగా తెలిసిన విషయం ఏదైనా తీసుకో" అన్నారు. నాకు బాగా తెలిసినవి రెండే. ఒకటి డేటాని టేబుల్‌లో పెట్టి చూడటం. రెండోది తెలుగు టైటాన్స్ ఓడిపోవడం.

మాది కోనసీమలో కె.గంగవరం. పక్కనే కోటిపల్లి రేవు, గౌతమి గోదావరి. మా తాతయ్య కుర్రాడిగా ఉన్నప్పుడు సంక్రాంతికి ఆ రేవు ఇసుకలో చెడుగుడు ఆడేవారు. కాలి బొటనవేలితో గీత గీస్తే అదే కోర్టు. 2014లో టీవీలో ప్రో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నది ఆయనే. రాత్రి మ్యాచ్ మధ్యలో నిద్రపోయేవారు. పొద్దున్న లేవగానే నన్ను అడిగే మొదటి ప్రశ్న "గెలిచారా?" కాదు.

"ఏరా అబ్బాయ్, ఎంతతో పోయింది?"

గెలిచి ఉంటే మొహం చూస్తేనే తెలిసిపోతుంది కదా, ఇంక అడగడం ఎందుకని ఆయన లెక్క. ఓడిపోతే మాత్రం ఎంతతో ఓడామన్నది ఆయనకి కావాలి. చిన్నప్పుడు నాకు ఈ ప్రశ్న అర్థమయ్యేది కాదు. ఓటమి ఓటమే కదా, ఒకటైతే ఏంటి, ఇరవై అయితే ఏంటి అనుకునేవాణ్ణి. ఇప్పుడు పన్నెండు సీజన్ల పాయింట్ల పట్టికలు ముందు పెట్టుకుని చూస్తే, ఆ టేబుల్‌లో దాక్కున్న అసలు కాలమ్ అదేనని తెలిసింది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఆట, పాయింట్లు

తెలిసినవాళ్ళు ఈ భాగం దాటేయొచ్చు.

ఒక్కో వైపు ఏడుగురు. ఒక్కో సగం 20 నిమిషాలు. మన పెద్దవాళ్ళు "కూతకి వెళ్ళడం" అనేదాన్నే ఇప్పుడు రైడ్ అంటున్నాం. రైడ్‌కి 30 సెకన్లు. అవతలివాళ్ళని ముట్టుకుని గీత దాటి వెనక్కి వస్తే, ముట్టుకున్న ఒక్కొక్కరికీ ఒక పాయింట్. పట్టేస్తే వాళ్ళకి పాయింట్. వరసగా రెండు రైడ్లు ఖాళీగా వస్తే మూడోది "డూ ఆర్ డై". అందులో పాయింట్ తేకపోతే రైడర్ బయటికి పోతాడు. ఏడుగురూ అవుట్ అయితే ఆలౌట్, అవతలి జట్టుకి ఇంకో 2 పాయింట్లు.

లీగ్ పట్టికలో సీజన్ 11 వరకు లెక్క ఇలా ఉండేది: గెలిస్తే 5, టై అయితే 3, ఏడు పాయింట్లు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే 1, అంతకంటే ఎక్కువ తేడాతో ఓడితే సున్నా.

ఆ "ఏడు" దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఒక జట్టుని నిండుగా ఆలౌట్ చేస్తే ఏడుగురికి ఏడు, పైన రెండు, మొత్తం తొమ్మిది వస్తాయి. కాబట్టి ఏడుతో ఓడిన జట్టు ఒక్క ఆలౌట్ దూరంలో ఆగిపోయిందన్నమాట. "మీరు ఆటలో ఉన్నారు, ఇదిగో ఒక పాయింట్" అని లీగ్ ఒప్పుకున్నట్టు. తాతయ్య ప్రశ్ననే ఈ లీగ్ రూల్‌గా పెట్టుకుంది.

2014 నుంచి 2016: ఒక్క పాయింటు

ప్రో కబడ్డీ 2014 జూలై 26న మొదలైంది. అంతకు ముందు 54 రోజుల క్రితం, జూన్ 2న, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలైంది. ఇళ్ళల్లో, బస్సుల్లో, ఆఫీసుల్లో మాది, మీది అని పంపకాలు నడుస్తున్న రోజులు. ఆ సమయంలో వచ్చిన ఎనిమిది జట్లలో మిగిలినవన్నీ ఊరి పేరో రాష్ట్రం పేరో పెట్టుకున్నాయి: జైపూర్, పట్నా, పుణే, ముంబై, ఢిల్లీ, బెంగళూరు, బెంగాల్. ఒక్క మన జట్టే భాష పేరు పెట్టుకుంది. మొదటి సీజన్ సొంత మ్యాచ్‌లు విశాఖపట్నంలో, రెండో సీజన్‌వి హైదరాబాద్ గచ్చిబౌలిలో. రాష్ట్రాలు విడిపోయినా జట్టు రెండు ఇళ్ళలోనూ కాపురం చేసింది. తెలుగు క్లబ్ పత్రికలో కబడ్డీ ఎందుకు అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే.

జట్టు పేరు తెలుగు కానీ ఆటగాళ్ళు ఎక్కువమంది బయటివాళ్ళే. మొదటి స్టార్ రాహుల్ చౌదరి, ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ వైపు అబ్బాయి. "రైడ్ మెషీన్" అనేవారు. మా వీధి పిల్లలందరం గీత మీద తొడ కొట్టి మరీ రాహుల్ అయిపోయేవాళ్ళం. ఎవరూ డిఫెండర్ అవడానికి ఒప్పుకునేవాళ్ళు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటి సీజన్‌లో ఎనిమిది జట్లలో ఐదో స్థానం. నాలుగు జట్లే సెమీస్‌కి వెళ్తాయి, మనం గుమ్మం దగ్గర ఆగిపోయాం.

2015లో రెండో సీజన్. జట్టులో రాహుల్ ఒక్కడే కాదు, దీపక్ హుడా, సుకేశ్ హెగ్డే, ఇరాన్ నుంచి వచ్చిన మెరాజ్ షేఖ్ ఉన్నారు. ఎవరు కూతకి వెళ్ళినా పాయింట్ వచ్చేది. సెమీఫైనల్ బెంగళూరు బుల్స్‌తో. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రాత్రి తాతయ్య నిద్రపోలేదు. 39-38. ఓడిపోయాం. పొద్దున్న అడగాల్సిన ప్రశ్న ఆయన అడగలేదు. నేనే ఏడుస్తూ "ఒక్కటితో తాతయ్యా" అన్నాను. "మరే, ఒక్కటితో పోయిందంటే మనం ఆడినట్టేరా" అన్నారు. తర్వాత పట్నా పైరేట్స్ మీద గెలిచి మూడో స్థానం తెచ్చుకున్నాం.

మూడో సీజన్ 2016 మొదట్లో, మళ్ళీ ఐదు. నాలుగోది అదే ఏడాది వేసవి దాటాక. రాహుల్ చౌదరి 146 రైడ్ పాయింట్లతో ఆ సీజన్ టాప్ రైడర్. సెమీఫైనల్ మన హైదరాబాద్‌లోనే, సొంత జనం ముందు, జైపూర్ పింక్ పాంథర్స్‌తో. 34-24తో జైపూర్ గెలిచింది. మూడో స్థానం మ్యాచ్‌లో పుణేరి పల్టన్ చేతిలో 40-35. నాలుగో స్థానం.

ఇక్కడ తేడా చూడండి. 2015 సెమీస్‌లో ఒకటి, 2016 సెమీస్‌లో పది. రెండూ "సెమీఫైనల్‌లో ఓటమి" అనే రికార్డవుతాయి. రెండోసారి తాతయ్య ఏమన్నారో నాకు బాగా గుర్తు. "ఒకటితో పోతే మనిషిని మార్చక్కర్లేదు, కూత మార్చుకుంటే చాలు. పదితో పోతే జట్టులోనే ఏదో చూసుకోవాలి."

2017 నుంచి 2019: జారుడు బల్ల

ఐదో సీజన్‌కి లీగ్ 8 నుంచి 12 జట్లకి పెరిగింది. ఒక్కో జట్టు లీగ్ దశలో 14 బదులు 22 మ్యాచ్‌లు ఆడాలి. పరిగెత్తే దూరం పెరిగితే ఊపిరి ఎవరికుందో తెలుస్తుంది కదా. రాహుల్ చౌదరి లీగ్ మొత్తంలో 500 రైడ్ పాయింట్లు దాటిన మొదటి ఆటగాడయ్యాడు. జట్టు మాత్రం తన జోన్‌లో ఆరు జట్లలో ఐదోది. ఆరో సీజన్‌లో కూడా అదే ఐదు.

ఏడో సీజన్‌కి రాహుల్ తమిళ్ తలైవాస్‌కి వెళ్ళిపోయాడు. అతని చోట కొల్హాపూర్ వైపు నుంచి సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకి తెచ్చారు. ఆ వేలంలో పెద్ద వార్త అదే. అతని ముద్దుపేరు బాహుబలి, మన జనానికి ఇంకేం కావాలి! సిద్ధార్థ్ నిజంగానే ఆడాడు, 200 పైన రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు పన్నెండులో పదకొండు.

అప్పటికి నేను హైస్కూల్. క్లాసులో టైటాన్స్ అంటే నవ్వడం మొదలైంది.

ఒక చిన్న ఫార్ములా

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. పట్టికలో మనకి కనిపించేవి గెలుపులు, ఓటములు, టైలు, మొత్తం పాయింట్లు. ఎన్ని మ్యాచ్‌లు దగ్గరగా ఓడామన్నది వెంటనే కనపడదు. కానీ పాయింట్ల లెక్క తెలుసు కాబట్టి వెనక్కి లాగొచ్చు:

దగ్గరి ఓటములు = మొత్తం పాయింట్లు − (5 × గెలుపులు) − (3 × టైలు)

గెలుపుల పాయింట్లూ టైల పాయింట్లూ తీసేస్తే మిగిలేవన్నీ ఏడు లోపు తేడాతో ఓడినందుకు వచ్చినవే. ఐదో సీజన్ నుంచి పదకొండో సీజన్ వరకు, 22 మ్యాచ్‌ల సీజన్లు ఏడింటికి ఇది వేసి చూశాను.

సీజన్ 5 (2017): గెలుపు 7, ఓటమి 12, టై 3, పాయింట్లు 52. దగ్గరి ఓటములు 8.
సీజన్ 6 (2018): గెలుపు 8, ఓటమి 13, టై 1, పాయింట్లు 51. దగ్గరి ఓటములు 8.
సీజన్ 7 (2019): గెలుపు 6, ఓటమి 13, టై 3, పాయింట్లు 45. దగ్గరి ఓటములు 6.
సీజన్ 8 (2021-22): గెలుపు 1, ఓటమి 17, టై 4, పాయింట్లు 27. దగ్గరి ఓటములు 10.
సీజన్ 9 (2022): గెలుపు 2, ఓటమి 20, టై 0, పాయింట్లు 15. దగ్గరి ఓటములు 5.
సీజన్ 10 (2023-24): గెలుపు 2, ఓటమి 19, టై 1, పాయింట్లు 21. దగ్గరి ఓటములు 8.
సీజన్ 11 (2024): గెలుపు 12, ఓటమి 10, టై 0, పాయింట్లు 66. దగ్గరి ఓటములు 6.

కూడితే 154 మ్యాచ్‌లు, 104 ఓటములు. అందులో 51 ఏడు లోపు తేడాతోనే. దాదాపు సగం. "టైటాన్స్ చిత్తుగా ఓడే జట్టు" అనేవాళ్ళకి సగం నిజమే తెలుసన్నమాట.

అట్టడుగున మూడేళ్ళు

ఎనిమిది, తొమ్మిది, పది: మూడు సీజన్లూ పన్నెండో స్థానమే. స్థానం మాత్రమే చూస్తే మూడూ ఒకటే. కానీ చివరి కాలమ్ చూడండి. 10, 5, 8. మూడు వేర్వేరు కథలు.

ఎనిమిదో సీజన్ కరోనా వల్ల ఒక ఏడాది ఆగి, 2021 డిసెంబర్ 22న మొదలైంది. మొత్తం బెంగళూరులోనే, బయో బబుల్‌లో, జనం లేకుండా. మొదటి రోజే తమిళ్ తలైవాస్‌తో 40-40 టై. సిద్ధార్థ్ దేశాయ్ కొన్ని మ్యాచ్‌లకే గాయంతో బయటికి పోయాడు. మిగిలింది ఎక్కువగా కొత్త రైడర్లు. ఆ సీజన్ మొత్తానికి వచ్చిన ఒకే ఒక్క గెలుపు జైపూర్ మీద, 35-34.

ఇప్పుడు లెక్కేయండి. ఒక్కటితో ఒక గెలుపు, నాలుగు టైలు, పది దగ్గరి ఓటములు. అంటే 22 మ్యాచ్‌లలో 15 మ్యాచ్‌లు ఏడు పాయింట్ల లోపే తేలాయి. మూడింట రెండొంతుల మ్యాచ్‌లలో చివరిదాకా ఆటలో ఉండి, ఒక్కటే గెలిచిన జట్టు అది. ఆ రోజుల్లో నేను పొద్దున్నే తాతయ్యకి చెప్పిన అంకెలు అన్నీ చిన్నవే ఉండేవి, అందుకే ఆయన టీవీ కట్టేయమనలేదు.

"పాపం దురదృష్టం" అని ఇక్కడ ఆగిపోవచ్చు. నేను కూడా చాలాకాలం అలాగే ఆగాను. పోయిన సెమిస్టర్ ప్రాబబిలిటీ చదివాక అనుమానం వచ్చింది. టైలు తీసేస్తే దగ్గరగా తేలిన మ్యాచ్‌లు 11. అందులో గెలుపు 1. ఇదంతా అదృష్టమే అయితే బొమ్మా బొరుసూ వేసినట్టు ఉండాలి. ఒక నాణేన్ని 11 సార్లు ఎగరేస్తే వచ్చే వరసలు 2048. అందులో బొమ్మ ఒక్కసారి మాత్రమే పడేవి 11, అసలు పడనిది 1. మొత్తం 12. అంటే 2048లో 12, నూటికి ఒకటి కూడా కాదు.

ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం సగం సగం అనుకోవడం పూర్తిగా కరెక్ట్ కాదు, ఒప్పుకుంటాను. అయినా ఇంత తక్కువ అవకాశం ఉన్నది జరిగిందంటే దాన్ని నాణెం మీదకి నెట్టేయలేం. ఆఖరి నిమిషాల్లో ఏదో పద్ధతిగా తప్పు జరుగుతోంది. కబడ్డీలో ఆఖరి రెండు నిమిషాలు వేరే ఆట. ముందున్న జట్టు రైడ్‌కి వెళ్ళి, గీత దాటి, ముట్టుకోకుండా 30 సెకన్లు తినేసి వచ్చేస్తుంది. వెనకున్న జట్టు తొందరపడి మీద పడితే పాయింట్ ఇచ్చుకుంటుంది, పడకపోతే టైం పోతుంది. అప్పుడు కావాల్సింది ఎగిరి దూకేవాడు కాదు, అలాంటి నిమిషాలు చాలా చూసినవాడు. అనుభవం ఉన్న రైడర్ బయట కూర్చున్న జట్టుకి లేనిది అదే. ఇది నా ఊహే, కానీ అంకెలు వేలు చూపిస్తున్న వైపు చూసి చేసిన ఊహ.

మరి యాజమాన్యం ఏం చేసింది? తొమ్మిదో సీజన్‌కి పేరున్నవాళ్ళని తెచ్చింది. మోను గోయత్, అభిషేక్ సింగ్, పర్వేశ్ భైన్‌స్వాల్, సుర్జీత్ సింగ్, రవీందర్ పహల్, మన పాత విశాల్ భరద్వాజ్. కాగితం మీద చూస్తే ఎంత బావుందో! ఫలితం 2 గెలుపులు, 20 ఓటములు, దగ్గరి ఓటములు ఐదే. అంటే గెలుపు ఒకటి పెరిగింది కానీ జట్టు ఆటకి ఇంకా దూరమైంది. ఒకటితో పోతే మనిషిని మార్చక్కర్లేదని తాతయ్య ఎందుకన్నారో అప్పుడర్థమైంది. కూత మార్చుకోవాల్సిన చోట మనుషుల్ని మార్చారు. మనుషులు మారితే ఒకరి చెయ్యి ఇంకొకరికి అలవాటవ్వాలి. కార్నర్లో ఉన్నవాడు కాలు పట్టుకునే క్షణానికి పక్కవాడు నడుం మీద పడాలి. ఆ అలవాటు వేలంలో దొరకదు.

పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్. 2.605 కోట్లు. అప్పటికి లీగ్ చరిత్రలో అదే రికార్డు ధర. పవన్ 200 దాటిన రైడ్ పాయింట్లు తెచ్చాడు. కోచ్ తెలంగాణకి చెందిన శ్రీనివాస్ రెడ్డి. అయినా జట్టు మళ్ళీ 2 గెలుపులే, మళ్ళీ పన్నెండే. కాలేజీ గ్రూపుల్లో మీమ్స్ వర్షం. చిన్నప్పుడు మా వీధిలో అందరూ రైడర్లే, డిఫెండర్ ఎవరూ లేరు అన్నానే, అచ్చం అదే. ఒక్కడు కూతకి వెళ్ళి రెండు తెస్తాడు, అవతలివాడు వచ్చి మూడు పట్టుకుపోతాడు. మా సిలబస్ భాషలో "సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్". మొత్తం సిస్టమ్ ఒకే సర్వర్ మీద నడిపితే, అది పడిపోయినప్పుడు అన్నీ పడిపోతాయి. పవన్ బెంచ్ మీద ఉన్న నిమిషాల్లో జరిగింది అదే.

కానీ చివరి కాలమ్ ఇంకో సంగతి చెప్తోంది. దగ్గరి ఓటములు 5 నుంచి 8కి పెరిగాయి, ఒక టై కూడా వచ్చింది. స్థానం మారలేదు, గెలుపులు మారలేదు. అడుగున ఏదో కదిలింది. మీమ్ వేసేవాళ్ళకి అది కనపడదు, ఎందుకంటే వాళ్ళు "ఎంతతో" అని అడగరు.

సీజన్ 11: పన్నెండు గెలిచినా

2024 అక్టోబర్ 18న పదకొండో సీజన్ హైదరాబాద్ గచ్చిబౌలిలోనే మొదలైంది. మొదటి మ్యాచ్‌లో బెంగళూరు బుల్స్ మీద 37-29తో గెలిచాం. కొత్త కోచ్ క్రిషన్ కుమార్ హుడా. సీజన్ మధ్యలో పవన్‌కి గాయమైంది. గత ఏడాది అయితే కథ అక్కడితో అయిపోయేది. ఈసారి విజయ్ మాలిక్ బరువు తీసుకున్నాడు, డిఫెన్స్ నిలబడింది. రెండు గెలుపుల జట్టు పన్నెండు గెలుపుల జట్టయింది.

అయినా ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు! ఆరు జట్లకే చోటు, మనది ఏడో స్థానం. ఐదో స్థానంలో యు ముంబా 71, ఆరో స్థానంలో జైపూర్ 70, మనకి 66. ఆ రెండు జట్ల గెలుపులు ఎన్నో తెలుసా? పన్నెండు, పన్నెండు. మనవీ పన్నెండే. తేడా ఎక్కడొచ్చింది? వాళ్ళు చెరో 8 ఓడి, 2 టై చేసుకున్నారు. మనం 10 ఓడాం, టై ఒక్కటీ లేదు. ఓడిపోబోయే రెండు మ్యాచ్‌లని టై వరకు లాక్కొచ్చినందుకు వాళ్ళకి చెరో ఆరు పాయింట్లు. ఫార్ములా వేస్తే మన పది ఓటముల్లో నాలుగు ఏడు కంటే ఎక్కువ తేడాతో పోయాయి. ఆ నాలుగింటినీ దగ్గరికి తెచ్చి ఉంటే 70. జైపూర్‌తో సమానం.

ఆ రాత్రి నేను హాస్టల్‌లో ఉన్నాను. తాతయ్యకి ఫోన్ చేసి ఈ లెక్కంతా చెప్పాను. మొత్తం విని, "అంటే గెలిచినవి సరిపోయాయి, ఓడినవి సరిగ్గా ఓడలేదన్నమాట" అన్నారు. నేను ఇంత పెద్ద టేబుల్ వేసి చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

సీజన్ 12: రూల్ మారింది

2025లో పన్నెండో సీజన్ ఆగస్టు 29న విశాఖలో మొదలైంది. 2018 తర్వాత మళ్ళీ విశాఖకి కబడ్డీ. నేనూ నాన్నా కాకినాడ మీదుగా బస్సులో వెళ్ళి మొదటి రోజు మ్యాచ్ చూశాం. తమిళ్ తలైవాస్ చేతిలో 38-35. స్టేడియం బయటికి రాగానే ఫోన్. "ఎంతతో?" "మూడుతో తాతయ్యా." "సరే, జాగ్రత్తగా రండి."

ఈ సీజన్‌కి లీగ్ పాయింట్ల లెక్క మార్చేసింది. గెలిస్తే 2, ఓడితే సున్నా. టై అయితే టైబ్రేకర్ ఆడించి ఎవరో ఒకరిని గెలిపిస్తారు. ఏడు లోపు ఓడినా, ముప్పైతో ఓడినా ఒకటే. అంటే మా తాతయ్య ప్రశ్నకి పట్టికలో ఇంక పాయింట్లు లేవు. నా ఫార్ములా కూడా పనికిరాకుండా పోయింది.

తమాషా ఏంటంటే టైటాన్స్ బాగుపడింది ఈ సీజన్‌లోనే. పవన్ సెహ్రావత్ వెళ్ళిపోయాడు. విజయ్ మాలిక్ కెప్టెన్, ఆల్‌రౌండర్ భరత్ హుడా తోడు. రికార్డు ధర పలికిన పేరు ఒక్కటీ లేదు. 18 మ్యాచ్‌లలో 10 గెలిచి నాలుగో స్థానం. 2016 తర్వాత మొదటిసారి లీగ్ దశ దాటాం. తర్వాత బెంగళూరు బుల్స్‌ని ఓడించాం. 2015లో ఒక్కటితో మమ్మల్ని ఏడిపించిన జట్టు అదే కాబట్టి నాకు అది ఫైనల్ కంటే ఎక్కువ. ఆ తర్వాత పట్నా మీద గెలిచాం. ఫైనల్‌కి ఒక్క మెట్టు ముందు పుణేరి పల్టన్ 50-45తో ఆపేసింది.

ఐదుతో.

మరి పాఠం ఏంటి?

దగ్గరగా ఓడటం గొప్ప అని నేను చెప్పడం లేదు. ఎనిమిదో సీజన్‌లో పది దగ్గరి ఓటములున్న జట్టే తర్వాతి ఏడాది ఇంకా కిందకి పోయింది. పదో సీజన్‌లో ఎనిమిదున్న జట్టు తర్వాత పైకి లేచింది. కాబట్టి ఆ అంకె భవిష్యత్తు చెప్పదు. "పర్లేదులే, కొంచెంలో పోయింది" అని దాన్ని దుప్పటిలా కప్పుకుంటే ఏళ్ళు గడిచిపోతాయి. ఆ అంకె చేసే పని ఒకటే. ఎక్కడ వెతకాలో చెప్తుంది. తేడా చిన్నదైతే ఆఖరి నిమిషాలు చూడు. తేడా పెద్దదైతే పునాది చూడు. చిన్న తేడాకి పునాది తవ్వితే తొమ్మిదో సీజన్ అవుతుంది.

నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఫస్ట్ ఇయర్‌లో నాకు మాథ్స్ పోయింది. సప్లీ. రిజల్ట్ వచ్చిన రోజు ఇంట్లో ఒకరు "ఎలా పోయింది" అన్నారు, ఒకరు "ఎందుకు పోయింది" అన్నారు, బంధువుల్లో ఒకాయన బ్రాంచ్ మార్చుకోమని కూడా సలహా ఇచ్చారు. నేను కూడా నాకు మాథ్స్ రాదు, కంప్యూటర్ సైన్స్ నాకు సరిపడదు అని దాదాపు నిర్ణయానికి వచ్చేశాను. తాతయ్య మాత్రం మామూలుగా అడిగారు.

"ఎంతతో పోయిందిరా?"

"ఐదు మార్కులతో తాతయ్యా."

"అయితే పుస్తకం మార్చకు. ఆఖరి అరగంట ఏం చేశావో అది గుర్తు తెచ్చుకో."

గుర్తు తెచ్చుకున్నాను. రెండో ప్రశ్న దగ్గర మొండిగా ముప్పావు గంట కూర్చున్నాను. చివర్లో వచ్చిన ప్రశ్న ఒకటి రాయడానికి టైం లేక వదిలేశాను. సప్లీకి కొత్త కోచింగ్ ఏమీ తీసుకోలేదు. గడియారం పెట్టుకుని పాత పేపర్లు ఎనిమిది రాశాను. పాసయ్యాను, పెద్ద మార్కులేం కాదు.

ఇది చదువుతున్న వాళ్ళలో సప్లీ ఉన్నవాళ్ళు ఉంటారు, మొన్న ప్లేస్‌మెంట్ టెస్టులో పోయినవాళ్ళు ఉంటారు. రిజల్ట్ షీట్‌లో మీకు పాస్, ఫెయిల్ రెండే కనిపిస్తాయి, పన్నెండో సీజన్ పట్టికలాగా. పక్కన ఆ పాత కాలమ్ మీరే గీసుకుని, ఎంతతో పోయిందో రాసుకోండి. ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

వచ్చే సీజన్‌కి మా ఇంట్లో కొత్త టీవీ కొంటామంటున్నారు. తాతయ్యకి చూపు కాస్త మందగించింది, స్కోరు సరిగ్గా కనపడటం లేదట. టీవీ పెద్దదైనా పర్లేదు, చిన్నదైనా పర్లేదు, పొద్దున్నే చెప్పడానికి నేనున్నాను. ఒక్కసారైనా ఆయన అడిగేలోపే నా మొహం చూసి తెలిసిపోవాలని నా కోరిక.